నాన్న కూర్చునే చోటు

రొట్టెల కొట్లు మూతపడ్డాక ట్రిపోలీలోని సూక్ అల్ జుమా వీధుల్లో ఆడవాళ్ళందరికీ పొద్దున్నే పిండి కలపడం మళ్ళీ అలవాటైంది. కొట్లలో పొయ్యిల ముందు నిలబడే ఈజిప్టు వాళ్ళు, గొడవలు మొదలైన వారంలోనే మూటలు కట్టుకుని సరిహద్దు దారి పట్టారు. పిండి దొరికిన రోజున నజాత్ తెల్లారేసరికి లేచి, నిన్నటి పులిసిన ముద్ద కలిపి పిసికి, పళ్ళెంలో పెట్టి, తడిగుడ్డ కప్పి ముందు గదిలోకి తీసుకెళ్ళేది. కిటికీ కింద పరుపు మీద, మూల దిండుకి కాస్త ఇవతల, నాన్న కూర్చునే చోట ఆ పళ్ళెం పెట్టేది. చలికాలం ఇంకా పోలేదు. సముద్రపు తేమకి ఇల్లంతా జివ్వుమంటున్నా ఆ ఒక్క చోటు మాత్రం ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు వెచ్చగా ఉండేది. చూస్తుండగానే పిండి పొంగేది.

పక్కింటావిడ కూడా తన పళ్ళెం పంపించేది. "మీ నాన్న పక్కన కాస్త చోటుంటే పెట్టమ్మా" అని.

నాన్న పేరు తాహిర్. బళ్ళో చరిత్ర పాఠాలు చెప్పేవాడు. ఆయన్ని తీసుకెళ్ళేనాటికి నజాత్ రెండో తరగతి. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అమ్మ మబ్రూకా టీని పైకెత్తి పోస్తూ నురగ తీస్తోంది. నాన్న కిటికీ కింద కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్ల బూట్ల తాడు చిక్కు విప్పుతున్నాడు. తలుపు చప్పుడైంది. ఎదురింటి మిలూద్ గొంతు వినబడింది కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. మిలూద్, నాన్న ఒకే వీధిలో గోలీలాడుకుని పెరిగినవాళ్ళు. నజాత్ అతన్ని బాబాయ్ అని పిలిచేది. "ఇప్పుడే వస్తా" అని నాన్న లేచాడు. గుమ్మంలో మిలూద్ వెనక ఇంకో ముగ్గురున్నారు. మిలూద్ ఎవరి మొహమూ చూడలేదు. తలుపు తెర ఒక పక్కకి జారిపోయి ఉంటే దాన్ని సర్దుతూ నిలబడ్డాడు. నాన్న చెప్పులేసుకుని వాళ్ళతో వెళ్ళాడు.

సాయంత్రం పరుపు దులపబోయి అమ్మ చెయ్యి పెట్టి చూస్తే ఆ చోటు వెచ్చగా ఉంది. మర్నాడు పొద్దున కూడా అలాగే ఉంది. ఆ పై వారం సోదాకొచ్చినవాళ్ళు, లోపల ఏదో యంత్రం దాచారని పరుపు కోసి చూశారు. ఉన్ని తప్ప ఏమీ దొరకలేదు. పరుపుని ఎత్తుకుపోయారు. అమ్మ ఇంకో పరుపు తెచ్చి వేసింది. దీపాలు పెట్టే వేళకి అదీ వెచ్చబడింది. అప్పట్నుంచీ దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. చుట్టాలొస్తే ఆ చోటు వదిలి కూర్చునేవాళ్ళు. జ్వరమొచ్చిన పిల్లల్ని తెచ్చి కాసేపు అక్కడ పడుకోబెట్టేవాళ్ళు. బడికెళ్ళే దారిలో వీధి పిల్లలు లోపలికి దూరి, చేతులు అక్కడ ఆనించి వెచ్చచేసుకుని, అమ్మ కేకలేసేలోపు పారిపోయేవాళ్ళు.

నాన్న వెళ్ళిన కొన్ని నెలలకి సిరాజ్ పుట్టాడు. అమ్మ వాణ్ణి గుడ్డలో చుట్టి అక్కడే పడుకోబెట్టేది. తండ్రంటే వాడికి తెలిసిందల్లా వీపుకి తగిలే ఆ వెచ్చదనమే. మాటలొచ్చాక ఆ పరుపు మీద చేత్తో కొట్టి "నాన్న" అనేవాడు.

నాన్నని తీసుకెళ్ళిన ఏడే రంజాన్ నెలలో ఒక సాయంత్రం, ఉపవాసం విడిచే వేళకి టీవీలో ఉరితీత చూపించారు. వేలాది మంది జనం, వాళ్ళ మధ్య ఏడుస్తున్న ఒక కుర్రవాడు. అమ్మ గబగబా లేచి టీవీని గోడవైపుకి తిప్పేసింది. కట్టెయ్యడానికి ధైర్యం చాలలేదు. కట్టేస్తే వీధిలోకి చప్పుడు వినబడకపోవడం ఎవరైనా గమనిస్తారు. గోడకి చెప్పుకుంటున్నట్టు ఆ టీవీ అరుస్తుంటే తల్లీకూతుళ్ళు ఖర్జూరాలు నములుతూ కూర్చున్నారు. మర్నాడు బళ్ళో టీచరు, నిన్న టీవీ చూసినవాళ్ళెవరో చేతులెత్తమంది. నజాత్ ఎత్తింది. తర్వాత అందరూ లేచి నిలబడి నాయకుడి పాట పాడారు. పెద్దయ్యాక నజాత్ అదే బళ్ళో టీచరై అదే పాట నేర్పింది. రాగం తప్పిన పిల్లల్ని సరిదిద్దేటప్పుడు తన గొంతు తనకే ఎవరిదోలా వినబడేది.

చోటు వెచ్చగా ఉందంటే ఆయన ఉన్నట్టే అని అమ్మ నమ్మకం. ఆయన ఉంటే ఏదో ఒకరోజు వస్తాడు. వచ్చేసరికి ఇంట్లో తను ఉండాలి. అందుకని అమ్మ గడప దాటడం మానేసింది. మొదట్లో పక్కింటిదాకా వెళ్ళేది. తర్వాత అదీ లేదు. తన తల్లి చనిపోయినప్పుడు కూడా వెళ్ళలేదు. ఎండ కావాలంటే డాబా ఎక్కేది. ఇల్లు అమ్మేసి సొంతూరు గర్యాన్ వచ్చేయమని పెదనాన్న ఉమ్రాన్ ఎన్నోసార్లు చెప్పిచూశాడు. "ఆ చోటుని మూట కట్టుకుని రాలేను కదా" అనేది.

జైలు గేటు దగ్గరికి వెళ్ళడం పెదనాన్నదీ నజాత్‌దీ పని. బట్టలు, సబ్బులు, ఖర్జూరాలు సంచిలో పెట్టి ఇస్తే కాపలావాడు తీసుకునేవాడు. అందాయనీ చెప్పేవాడు కాదు, అందలేదనీ చెప్పేవాడు కాదు. ఏళ్ళకేళ్ళు ఇచ్చారు. ఒకసారి నాన్న కొలతలు మారి ఉంటాయని అమ్మకి అనుమానమొచ్చి చొక్కా వదులుగా కుట్టింది. చివరికి ఒకరోజు సంచి తీసుకోవడం మానేశారు. వేరే చోటికి మార్చారేమో అనుకున్నారు. చోటు మాత్రం చల్లబడలేదు.

నజాత్‌కి ఒక సంబంధం వచ్చింది. ఓడరేవులో గుమాస్తా, నెమ్మదైనవాడు. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే తెలియక నాన్న చోట కూర్చుని ఉలిక్కిపడి లేచాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ఆ తర్వాత వాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ వెచ్చదనం వల్ల కాదు. అది ఎవరిదో ఎవరో చెప్పుంటారు. ఎదురుతిరిగినవాళ్ళని నాయకుడు టీవీలో తిట్టే 'వీధి కుక్కల' కుటుంబం నుంచి పిల్లని తెచ్చుకుంటే తమ పిల్లలకి ఉద్యోగాలు రావని వాళ్ళ భయం. నజాత్ వాళ్ళని తప్పుపట్టలేదు. నాన్న చోటు పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంది.

మిలూద్ ఆ వీధి కమిటీకి పెద్ద అయ్యాడు. ప్రభుత్వ కొట్లో చక్కెర, నూనె వచ్చినప్పుడు వీళ్ళ వాటా మర్చిపోకుండా పంపేవాడు. పండక్కి మాంసం పంపేవాడు. అమ్మ అవి తీసుకునేది. ఏటా ఒకటి రెండుసార్లు వచ్చి ముందు గదిలో, నాన్న చోటుకి ఎదురుగా కూర్చుని, అరగ్లాసు టీ తాగి వెళ్ళేవాడు. నజాత్ అతన్ని బాబాయ్ అనడం ఎప్పుడో మానేసింది. ఏ పేరూ పెట్టి పిలిచేది కాదు.

ఇదంతా ఇలాగే సాగిపోతుందనుకుంటున్న ఇంట్లోకి ఆ ఫిబ్రవరి వచ్చింది. తూర్పున బెన్‌గాజీ నాయకుడి మీద తిరగబడింది. ట్రిపోలీలో కుర్రాళ్ళు శుక్రవారం నమాజు నుంచి నేరుగా రోడ్డెక్కారు. వాళ్ళ మీద తుపాకులు పేలాయి. మర్నాటికి రోడ్డు మీది రక్తం మీద ఇసక పోసి ఉంది. ఇంటర్నెట్ పోయింది, ఫోన్లు కాసేపు పలికి కాసేపు పలకడం లేదు. టీవీలో మాత్రం పచ్చజెండాలు, డప్పులు, ఊరంతా సంబరమే. సిరాజ్ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాడు. వాడూ వాడి స్నేహితులూ కలిసి పెళ్ళిళ్ళకి వాడే గ్యాస్ బుడగలు ఎక్కడినుంచో తెచ్చి, నాయకుడు రాకముందునాటి ఎరుపు-నలుపు-ఆకుపచ్చ జెండాలు వాటికి కట్టి డాబాల మీంచి వదిలారు. సైనికులు రోడ్డు మీద నిలబడి వాటిని తుపాకులతో కాల్చడానికి అవస్థపడుతుంటే వీధి వీధంతా కిటికీల చాటు నుంచి చూసి, నోట్లో గుడ్డలు కుక్కుకుని నవ్వింది.

తర్వాత ఆ స్నేహితుల్లో ఒకడు దొరికిపోయాడు. వాడు పేర్లు చెప్పేస్తాడని అందరికీ తెలుసు. చెప్పినందుకు ఎవరూ వాణ్ణి ఏమీ అనలేదు. సిరాజ్ దుకాణానికి వెళ్ళడం మానేసి ఇంట్లో దాక్కున్నాడు. వంటింటి నేల కింద పాత వాననీళ్ళ తొట్టి ఉంది. దాని మీద రాతి మూత, ఆ మూత మీద పిండి బస్తా. ఏదైనా చప్పుడైతే వాడు అందులోకి దిగుతాడు. మోకాలిలోతు నీళ్ళలో, వంగి నిలబడాలి. మిగతా వేళల్లో వెనక గదిలో ఉంటాడు. రాత్రిళ్ళు నిద్రపట్టక పగళ్ళు పడుకుంటాడు. గడ్డం గీసుకున్న నీళ్ళు కాలవలోకి పొయ్యడానికి కూడా వీల్లేదు. రెండు ప్రాణాలకి సరిపడా చెత్తే బయటికి వెళ్ళాలి. అమ్మ వాడి బట్టలు ఉతికి ఇంట్లోనే ఆరేసేది. వాడు గోడలకి ఆనుకుని నడుస్తూ, "ఎలా ఉన్నావమ్మా ఇన్నేళ్ళు ఇందులో?" అని ఒకసారి అడిగాడు. అమ్మ వాడి తడి చొక్కా దులిపి తాడు మీద వేసింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం వాన పడుతోంది. సిరాజ్ వెనక గదిలో నిద్రపోతున్నాడు. నజాత్, అమ్మ వంటింట్లో మోచేతుల దాకా పిండితో రొట్టెలు తడుతున్నారు. తలుపు దడదడలాడింది. వాడు లేవడం, వంటింట్లోకి పరిగెత్తడం, తొట్టిలోకి దిగడం, ఇద్దరూ కలిసి మూతేసి బస్తా జరపడం అన్నీ ఒక్క ఊపిరిలో అయిపోయాయి. నజాత్ వెళ్ళి తలుపు తీసింది.

మెడల్లో పచ్చ గుడ్డలు కట్టుకున్న నలుగురైదుగురు, వాళ్ళతో ఒక యువ అధికారి, పక్కన తడిసిపోయిన కోటులో మిలూద్. అధికారిది దక్షిణాది యాస. మర్యాదగానే మాట్లాడాడు. సిరాజ్ ఎక్కడని అడిగాడు. ట్యునీషియా వెళ్ళాడని నజాత్ చెప్పింది. అందరూ చెప్పేది అదే కాబట్టి అతను తలూపి లోపలికి నడిచాడు. మనుషులు డాబా ఎక్కారు, బీరువాలు తెరిచారు. అధికారి మాత్రం వాటి జోలికి పోలేదు. గది గదికీ వెళ్ళి, వంగి, పరుపుల మీద అరచెయ్యి ఆనించి చూడసాగాడు. అబద్ధం చెప్పేవాళ్ళుంటారు గానీ పరుపు అబద్ధం చెప్పదని అతని లెక్క కాబోలు.

వెనక గదిలో అతని చెయ్యి ఆగిపోయింది.

"ఇక్కడ పడుకున్నదెవరు?" అన్నాడు లేవకుండానే.

నజాత్‌కి నేనే అందామంటే మోచేతుల దాకా పిండి. అమ్మ చేతులూ అలాగే ఉన్నాయి. అధికారి ఇద్దరి చేతులూ చూశాడు, దిండు మీద పడిన గుంట చూశాడు.

"ఎవరూ పడుకోలేదు నాయనా" అంది అమ్మ. "అది వీళ్ళ నాన్న చోటు."

అధికారి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, పెద్దవాళ్ళ వస్తువు చెప్పకుండా ముట్టుకున్నట్టు. "మా మేనత్త ఊళ్ళో ఒకరింట్లో తలుపు గొళ్ళెం ఎప్పుడూ ఇలాగే వెచ్చగా ఉంటుంది" అన్నాడు. తర్వాత మిలూద్ వైపు తిరిగాడు. "కానీ దార్లో నువ్వు చెప్పింది ముందు గదిలో అని కదా. కిటికీ కింద అన్నావు. పొరబడకండని మరీ మరీ చెప్పావు."

మిలూద్ అమ్మ వైపు చూశాడు. పెళ్ళయి ఆ వీధికొచ్చిన నాటినుంచీ అమ్మ అతని ముందు ఒక్క అబద్ధమూ ఆడలేదు. అతనికి ఆ సంగతి తెలుసు.

"చూసొస్తాను" అన్నాడు మిలూద్.

నజాత్ చేతులు తుడుచుకోకుండానే అతని వెనక నడిచింది. పొద్దున్న పిండి పళ్ళెం తీసినప్పుడు ఆ చోటు ఎప్పటిలాగే వెచ్చగా ఉంది. అది తన చేత్తోనే తెలుసు. మిలూద్ కిటికీ కింద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. అరచెయ్యి ఒంటికి తుడుచుకుని పరుపు మీద ఆనించాడు. తీసి, కాస్త పక్కన ఆనించాడు. రెండో చెయ్యి కూడా పెట్టాడు. అలా ఎంతసేపు ఉండిపోయాడో, వెనక గదిలోంచి అధికారి గొంతు సవరించుకోవడం వినబడింది. మిలూద్ కిటికీ పట్టుకుని కష్టంగా లేచాడు. నజాత్ మొహం చూడలేదు. వెనక గదిలోకి వెళ్ళి, "అక్కడ చల్లబడిపోయింది" అన్నాడు. "ఇటు మారినట్టుంది."

అధికారి ఒక్క క్షణం ఆలోచించాడు. "ఏం చేసేవాడాయన?" అని అడిగాడు అమ్మని.

"చరిత్ర చెప్పేవాడు."

"అల్లా ఆయన్ని క్షేమంగా మీ ఇంటికి చేర్చాలి" అని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, మనుషుల్ని కేకేసి వానలోకి వెళ్ళిపోయాడు. మిలూద్ అందరికన్నా వెనకాల వెళ్ళాడు. వెళ్తూ తలుపు నెమ్మదిగా దగ్గరికి లాగాడు.

"అతను మన కోసం అబద్ధమాడాడు" అంది నజాత్. తన మాట తనకే నమ్మశక్యంగా లేదు. చూస్తే అమ్మ పక్కన లేదు. ముందు గదిలో కిటికీ కింద కూర్చుని ఉంది.

"ఇలా వచ్చి చూడు" అంది అమ్మ.

నజాత్ చెయ్యి పెట్టింది. పరుపు గచ్చంత చల్లగా ఉంది. మిలూద్ తడి చేతుల గుర్తులు రెండు పక్కపక్కన కనబడుతున్నాయి. వాటి కిందా చల్లదనమే, దిండు పక్కనా చల్లదనమే. అమ్మ తన శాలువా తీసి ఆ చోటు మీద కప్పింది, చలి వేస్తున్నవాళ్ళకి కప్పినట్టు. వెనక గదిలో సిరాజ్ పడుకున్న పరుపు కూడా ఆపాటికి చల్లారిపోయింది. అది వాడి ఒంటి వేడి, అంతే. నాన్న చోటు ఎక్కడికీ మారలేదు. ఇన్నేళ్ళూ ఆగి, కావలసినప్పుడు చల్లబడింది.

సిరాజ్‌ని పైకి తీశారు. పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి. అమ్మ వాడి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని తన గౌను అంచుతో రుద్దింది. ఏం జరిగిందో నజాత్ చెప్పింది. వాడు లేచి ముందు గదిలోకి వెళ్ళి, శాలువా కిందికి చెయ్యి దూర్చి, చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"నా వల్లే పోయిందా అమ్మా?"

"నిన్ను ఎత్తుకునే రాత ఆయనకి లేకపోయింది" అంది అమ్మ, వాడి కాళ్ళు మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని రుద్దుతూ. "ఇవాళ ఒక్కసారి ఎత్తుకుని దించాడనుకో."

రెండు రోజులు ఎదురుచూశారు. పిండి పళ్ళెం పెట్టి చూశారు. పొంగలేదు. మూడోనాడు పొద్దున అమ్మ తలస్నానం చేసి వచ్చి, మీ నాన్న పోయాడు, సంతాపం కూర్చోవాలి అంది. నజాత్ బెంబేలు పడింది. నలుగురు ఒకచోట చేరితే కాల్చేస్తున్న రోజులు. వీధిలో డేరా వెయ్యాలంటే కమిటీ ఒప్పుకోవాలి. అలాంటిది పోయాడని ప్రభుత్వం ఎన్నడూ ఒప్పుకోని మనిషికి సంతాపమా అంది. అమ్మ వినలేదు. వెళ్ళి మిలూద్‌ని అడుగు అంది.

ఎదురింటి మెట్లు ఎక్కడం నజాత్‌కి చిన్నప్పటి తర్వాత అదే మొదటిసారి. మిలూద్ వాకిట్లో కుర్చీ మీద ఉన్నాడు. ఎవరు పోయారని అడగలేదు. విని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూశాడు. "చేసుకోండి" అన్నాడు. "పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను. గర్యాన్‌కి కబురు కూడా నా కారులోనే పంపిస్తాను."

డేరా వేశారు. మొదటిరోజు పొద్దున ఎవరూ రారేమో అనుకున్నారు. మధ్యాహ్నానికి వీధి నిండిపోయింది. నాన్న దగ్గర చదువుకున్నవాళ్ళు, ఇప్పుడు జుట్టు నెరిసిన మనుషులు, ఎక్కడెక్కడినుంచో వచ్చారు. తమ ఇళ్ళలో కూడా సంతాపం కూర్చోలేకపోయినవాళ్ళు వచ్చి, తమవాళ్ళ కోసం కూడా కలిపి ఇక్కడే ఏడ్చి వెళ్ళారు. గర్యాన్ నుంచి పెదనాన్న ఉమ్రాన్, మిగతా ముసలివాళ్ళు తెల్లని ఉన్ని దుప్పట్లు కప్పుకుని రెండు కార్లలో వచ్చారు. పెద్ద గిన్నెల్లో బార్లీ ముద్ద, మాంసం పులుసు వండారు. వీధి చివర నిలబడ్డ సాయుధులకీ ఒక గిన్నె పంపారు. తిన్నారు.

మూడో రోజు మిలూద్ వచ్చాడు. మగవాళ్ళతో డేరాలో కూర్చోకుండా ముందు గది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. అమ్మ లోపల, తెర వెనక ఉంది. పక్కన నజాత్.

"మిలూద్, నీకు ముందే తెలుసా?" అంది అమ్మ తెర వెనకనుంచే.

"తెలుసు వదినా."

"ఎప్పట్నుంచి?"

"సిరాజ్ బడికెళ్ళే రోజుల్నుంచి. ఆ జైల్లో ఒక్కరోజే వందల మందిని చంపేశారు. అందులో తాహిర్ పేరుంది."

నజాత్‌కి ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి మోసుకెళ్ళిన సంచులు గుర్తొచ్చాయి. అమ్మ వదులుగా కుట్టిన చొక్కా అప్పటిదే.

"మరి చెప్పలేదేం?"

"చెబుదామనే వచ్చేవాణ్ణి" అన్నాడు మిలూద్. "వచ్చి కూర్చునేవాణ్ణి. చూస్తే ఆ చోటు వెచ్చగానే ఉండేది. నాకు తెలిసిందే తప్పేమో అనుకునేవాణ్ణి. అలా అనుకుంటే ఆ రాత్రికి నిద్రపట్టేది."

అమ్మ క్షమించానని అనలేదు, పొమ్మనీ అనలేదు. కాసేపటికి తెర కింది నుంచి టీ గ్లాసు ఒకటి బయటికి జరిపింది. అతను అది నిలబడే తాగి, గ్లాసు గడప మీద పెట్టి వెళ్ళాడు.

సాయంత్రం గర్యాన్ వాళ్ళు బయల్దేరే వేళకి ముసలివాళ్ళు ఒకరొకరే లోపలికి వచ్చి అమ్మ దగ్గర సెలవు తీసుకున్నారు. లోపలికి ఎంతమంది వెళ్ళారో అంతమందే బయటికి వచ్చారు, మారింది ఒక్క మనిషే. సిరాజ్ పెదనాన్న దుప్పటి తల మీదుగా కప్పుకుని, భుజాలు వంచి, చేతికర్ర పట్టుకున్నాడు. గర్యాన్ దాకా కారు, అక్కణ్ణుంచి కొండల్లోకి నడక. అమ్మ వాడి మొహం రెండు చేతుల మధ్య పట్టుకుంది గానీ కన్నీళ్ళు పెట్టుకోలేదు. నజాత్ డాబా ఎక్కి, ఆరేసిన దుప్పట్ల మధ్యనుంచి చూసింది.

వీధి చివర సాయుధులు కారు ఆపారు. మిలూద్ అక్కడే ఉన్నాడు. వాళ్ళతో ఏదో చెప్పి తనే కారు దగ్గరికి వెళ్ళి కిటికీలోంచి లోపలికి వంగాడు. సంతాపానికి వచ్చినవాళ్ళని సాగనంపే పద్ధతిలో ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని, అల్లా ఓర్పునివ్వాలని చెప్పాడు. వెనక సీట్లో మధ్యన కూర్చున్న వంగిన ముసలాయన చెయ్యి కూడా పట్టుకున్నాడు. ఆ చెయ్యి ముసలి చెయ్యి కాదని పట్టుకున్నవాడికి తెలియకుండా ఉండదు. దాన్ని అలాగే పట్టుకుని ఉన్నాడు. నజాత్ ఆరేసిన దుప్పటి అంచుని గుప్పిట్లో నలిపేసింది. తర్వాత మిలూద్ చెయ్యి వదిలి, నిటారుగా నిలబడి, కారు పైకప్పు మీద రెండుసార్లు తట్టాడు. కారు కదిలింది. మలుపు తిరిగాక కూడా అతను అటే చూస్తూ ఉండిపోయాడు.

పెదనాన్న దుప్పటి లేకుండా ఇంట్లోనే ఉండిపోయాడు. రెండో కారులో మర్నాడు వెళ్ళాడు. వెళ్ళేముందు మరదలిని దగ్గర కూర్చోబెట్టుకుని, మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా ఉండాలన్న నియమం గురించి మాట్లాడాడు. తమ్ముడు పోయి పదిహేనేళ్ళవుతోందట కాబట్టి ఆ గడువు ఎప్పుడో తీరిపోయిందని, ఇప్పుడు కొత్తగా పాటించనక్కర్లేదని, గర్యాన్ వచ్చేయమని చెప్పాడు.

"నాకు తెలిసింది ఇప్పుడే కదా బావగారూ" అంది అమ్మ. "నాకు ఇవాళ్టి నుంచే."

తెల్లబట్టలు కట్టుకుంది. కాటుక, గోరింట పక్కన పెట్టింది. ఆ నెలల్లో ఊరి మీద విదేశీ విమానాలు బాంబులు వేశాయి, కరెంటు పోయింది, పెట్రోలు కోసం జనం కార్లలోనే పడుకున్నారు. కొండల నుంచి సిరాజ్ బతికే ఉన్నాడని చేతులు మారి మారి ఒక కబురొచ్చింది. పాట నేర్పడానికి బళ్ళు తెరవలేదు. నజాత్ ఇంట్లోనే ఉండి అమ్మని చూస్తూ వచ్చింది. అన్నేళ్ళూ ఉన్న ఇల్లే, అవే గోడలు, అదే డాబా. కానీ అమ్మ ఇప్పుడు పొద్దున్నే లేచి వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకునేది. ఇంతకుముందు ఆవిడకి లెక్క పెట్టుకోవడానికి ఏమీ లేదు.

జూలై ఆఖరు వారంలో, గడువు తీరిన ఉదయం, అమ్మ స్నానం చేసి, రంగు గౌను వేసుకుని, ముందు గదిలోకి వచ్చి కిటికీ కింద, సరిగ్గా నాన్న చోట కూర్చుంది. అక్కడ ఆవిడ కూర్చోవడం నజాత్ ఎన్నడూ చూడలేదు.

"బజారుకెళ్ళి నాకో జత చెప్పులు తీసుకురా" అంది.

"ఏ సైజమ్మా?" అని అడిగి నజాత్ ఆగిపోయింది. అమ్మ కాలి కొలత తనకి తెలియదు. తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

అమ్మ పాదాలు ముందుకి చాపి, తనూ కాసేపు వాటికేసి చూసుకుంది.

"నాకూ గుర్తులేదు" అంది. "పద, నేనే వస్తాను."

ఆ వీధిలోని ఆడవాళ్ళు తలుపుల్లోకి వచ్చి నిలబడ్డారు. మబ్రూకా కూతురి చెయ్యి పట్టుకుని, కాలే రోడ్డు మీద ఒట్టి కాళ్ళతో, నీడ ఉన్న వైపు చూసుకుంటూ నడిచింది.